కడలి దాటిన పలుకు

ఆధునిక వచన విభాగం – వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ఉపాధి కోసమో, విహారం కోసమో సముద్రాలు దాటి వెళ్లేవారికీ, ఇంటి దగ్గర వారికోసం ఎదురుచూసేవారికీ మధ్య మాట ఏయే సాధనాల మీదుగా నడిచిందో తెలుసుకోవడం. దూరదేశంలో మొబైల్ ఫోను సౌకర్యంతోపాటు రక్షణను కూడా ఇస్తుందని గుర్తించడం. ఆ రక్షణ నిలవడానికి ప్రయాణికుడూ కుటుంబమూ వహించవలసిన జాగ్రత్తలను గ్రహించడం ఈ పాఠం ఉద్దేశాలు.

నేపథ్యం

పూర్వపు కడప జిల్లాలో మాండవ్య నది ఒడ్డున వెలసిన పట్టణం రాయచోటి. వీరభద్రస్వామి ఆలయం ఈ పట్టణానికి ప్రసిద్ధి తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు రాయచోటి దానికి కేంద్రమైంది. కడప ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ వాన కూడా అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. వేరుశెనగ విత్తిన రైతు ఆకాశం వైపు చూడడం, చెరువులు నిండని ఏటిలో బతుకుతెరువు కోసం ఊరు విడవడం ఈ సీమకు అలవాటైన కష్టాలు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో కట్టడాలు, రహదారులు, ఇళ్లు విరివిగా లేచాయి. వాటికి పనివారు కావలసి వచ్చారు. రాయచోటి, దాని చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది మంది కువైట్ దారి పట్టారు. పురుషులు డ్రైవర్లుగా, వంటవారుగా, కూలీలుగా వెళ్లగా, స్త్రీలు ఇంటిపనికి వెళ్లారు. ఇంటికొక పాస్‌పోర్టు ఉన్న వీథులు ఈనాటికీ ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. ఆ వీథులకూ మూడువేల కిలోమీటర్లకు పైబడిన దూరంలోని కువైట్‌కూ మధ్య నడిచిన మాటల చరిత్రే ఈ పాఠానికి ఆధారం.

పాఠ్యభాగం

మనిషికీ మనిషికీ మధ్య సముద్రం అడ్డుపడినప్పుడు మాటను ఆవలి ఒడ్డుకు చేర్చడం ఎట్లా అన్న ప్రశ్న మన సాహిత్యంలో చాలా పాతది. రామాయణంలోని సుందరకాండ ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమే. నూరు యోజనాల సముద్రాన్ని దాటి లంకలో ప్రవేశించిన హనుమంతుడు ఎదుట నిలిచినప్పుడు సీతకు మొదట కలిగినది సందేహం. ఇది రావణుని మాయ కావచ్చునని ఆమె భయపడింది. రామముద్రికను చూచిన తరువాతనే ఆమె మనస్సు కుదుటపడింది. బదులుగా ఆమె చూడామణిని ఇచ్చింది. అంతటితో ఊరుకోక, చిత్రకూటంలో జరిగిన కాకాసుర వృత్తాంతాన్ని కూడా గుర్తుగా చెప్పి పంపింది. అది తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన సంగతి. సందేశం వెళ్లడానికి ఒక మార్గం, అది నిజమైనదేనని నమ్మడానికి ఒక గుర్తు, దానికి బదులుగా ఒక ప్రత్యుత్తరం – ఈ మూడూ కూడినప్పుడే మాట సముద్రం దాటినట్లు.

ఈ మూడింటిలో ఏది లోపించినా ఎడబాటు తీరదు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు రామగిరి నుంచి అలకాపురికి మేఘాన్ని పంపాడు. మార్గమున్నది, గుర్తులున్నవి. కాని మేఘం బదులు తెచ్చిన ఘట్టం ఆ కావ్యంలో లేదు. అందుకే ఆ విరహం తీరని విరహంగానే మన మనస్సులో నిలిచిపోయింది. పోతన భాగవతంలో రుక్మిణి పంపిన అగ్నిద్యోతనుడు మాత్రం కృష్ణుడినే ప్రత్యుత్తరంగా తీసుకొని వచ్చాడు. సందేశం ఫలించడమంటే అది. నేటి ఫోనును కూడా ఈ కొలతతోనే కొలిచి చూడడం ఉచితం.

ఓడల కాలం

చరిత్రలో మనవారు చేసిన తొలి సముద్రయానాలకు ఈ మూడింటిలో ఒక్కటీ సరిగా అమరలేదు. 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ ఆ ఏడు నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటలలో ఒప్పందపు కూలికి వెళ్లిన తమిళులు, తెలుగువారు అందులో ఉన్నారు. మారిషస్‌కు వెళ్లిన తెలుగువారికైతే గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీద 'కోరంగివారు' అనే పేరే స్థిరపడింది. వారిలో అత్యధికులు చదువు రానివారు. ఉత్తరం వ్రాయించుకోవాలంటే మరొకరిని బతిమాలాలి. అది ఓడ ఎక్కాలి, రేవు చేరాలి, అక్కడి నుంచి పల్లెకు నడవాలి. చేరిన పల్లెలో దానిని చదివిపెట్టే మనిషి దొరకాలి. ఓడ ఎక్కిన మనిషి కబురు తెలియక కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూచిన కాలమది.

1870లో బొంబాయి నుంచి ఏడెన్, సూయజ్‌ల మీదుగా ఇంగ్లండు వరకు సముద్రగర్భ తంతి మార్గం పూర్తయింది. నెలల ప్రయాణం గంటలకు తగ్గింది. అయితే మాటకు ఇంతని వెల కట్టే ఆ సాధనం వర్తకులకూ, ప్రభుత్వానికీ ఉపయోగపడినంతగా పేదవారికి ఉపయోగపడలేదు. పల్లెలో టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చావు కబురుకు తప్ప అంత ఖర్చు ఎవరూ పెట్టరని అందరికీ తెలుసు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది.

సముద్రం మధ్యలో ఉన్న ఓడకు తీరంతో మాట కలిపినది మార్కోనీ వైర్‌లెస్. 1912 ఏప్రిల్‌లో మునిగిన 'టైటానిక్' ఓడ చరిత్రలో విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ రాత్రి ఓడలోని వైర్‌లెస్ ఉద్యోగులు ప్రయాణికులు తమ వారికి పంపుకొనే సొంత కబుర్లను తీరానికి చేరవేయడంలో తలమునకలై ఉన్నారు. సమీపంలోని 'కాలిఫోర్నియన్' ఓడ నుంచి మంచు గురించి వచ్చిన హెచ్చరికను, పనికి అడ్డు తగులుతున్నదని, మధ్యలోనే ఆపివేశారు. కొద్దిసేపటికి కాలిఫోర్నియన్ ఉద్యోగి తన యంత్రాన్ని కట్టివేసి నిద్రకు ఉపక్రమించాడు. టైటానిక్ మంచుకొండను ఢీకొని సహాయం కోరినప్పుడు దగ్గరి ఓడకు ఆ పిలుపు వినబడలేదు. దూరంగా ఉన్న 'కార్పేథియా' విని, వచ్చి, 700 మందికి పైగా ప్రయాణికులను రక్షించింది. ఈ దుర్ఘటన తరువాత 1914లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఓడలలో వైర్‌లెస్‌ను రేయింబవళ్లు కనిపెట్టి ఉండాలని విధించింది. సాధనం ఉండడం వేరు, దాని దగ్గర మేలుకొని ఉండడం వేరు. ఈ పాఠాన్ని మానవజాతి అంత వెల చెల్లించి నేర్చుకొన్నది.

ఉత్తరం, క్యాసెట్, బూత్

రాయచోటి నుంచి కువైట్‌కు వెళ్లిన తొలితరం వారి కాలంలో బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు ఓడలు నడిచేవి. వాటిలో పేరున్న 'ద్వారక' 1982 వరకు నడిచింది. తరువాత విమాన ప్రయాణమే సాధారణమైంది. మనిషి ఒక్క పూటలో వెళ్లగలిగినా అతని మాట తిరిగి రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. 'ఉభయకుశలోపరి' అని మొదలై, 'ఇక్కడ మేము క్షేమం, మీ క్షేమ సమాచారం వ్రాయగలరు' అని సాగే ఉత్తరాలు ప్రతి ఇంటి సూరులోనూ కట్టలుగా ఉండేవి. పోస్టుమ్యానో, బడి చదువు చదువుతున్న పిల్లవాడో చదివితే ఇంటిల్లిపాదీ వినేవారు. భార్యాభర్తల మధ్య చెప్పుకోవలసిన మాట ఏదీ ఆ ఉత్తరంలో ఇమిడేది కాదు. చదివే గొంతు పరాయిది కావడమే అందుకు కారణం.

ఈ లోపాన్ని టేప్‌రికార్డరు కొంత తీర్చింది. గదిలో ఒంటరిగా కూర్చుండి గంటసేపు మాట్లాడి, ఆ క్యాసెట్‌ను సెలవు మీద ఊరికి పోయేవారి చేతికి ఇచ్చి పంపడం గల్ఫ్ వలస జీవితంలో ఒక ఆచారమైంది. అక్షరం రాని తల్లికి కొడుకు గొంతు వినబడింది. ఆమె మాటలు కూడా మరొక క్యాసెట్‌లో నిండి కువైట్ చేరేవి. ఆమె అడిగేది ఎక్కువ ఏమీ లేదు. "బాగుండావా నాయనా, తిన్న్యావా?" అన్న ఆ సీమ పలుకే. అయితే ఆ ప్రశ్నకు బదులు రావడానికి మరొకరి సెలవు దాకా ఆగవలసిందే.

1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ రూపొందించిన చిన్న ఎక్స్ఛేంజీలు పల్లెలకు టెలిఫోనును తెచ్చాయి. పట్టణాలలో ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. బూత్‌లు వెలిశాయి. ఇంట్లో ఫోను లేనివారు ఇరుగుపొరుగు నంబరునే తమ నంబరుగా చెప్పుకొనేవారు. దానిని 'పి.పి. నంబరు' అని పిలిచేవారు. కువైట్ నుంచి పిలుపు వస్తే ఆ ఇంటివారు, "ఐదు నిమిషాల తరువాత మళ్లీ చేయండి, పిలుచుకొస్తాం" అని పెట్టివేసి, ఒక పిల్లవాడిని పరుగెత్తించేవారు. చేతిపని వదలి, చెంగుతో ముఖం తుడుచుకొంటూ వచ్చిన ఇల్లాలు పదిమంది ఎదుట నిలబడి మాట్లాడవలసి వచ్చేది. బూత్‌లో ఎర్రని అంకెలు పరుగెత్తుతుంటే గుండె కూడా వాటితో సమంగా పరుగెత్తేది. దాచుకొన్న మాటలన్నీ మరచిపోయి, "బాగున్నాం, నువ్వు బాగున్నావా?" అనడంతోనే డబ్బు అయిపోయేది. అయినప్పటికీ సుందరకాండలోని మూడు అంగాలూ ఆ కొద్ది నిమిషాలలోనే మొదటిసారిగా కలిసివచ్చాయి. మార్గం దొరికింది. గొంతే గుర్తయింది. ప్రత్యుత్తరం అప్పటికప్పుడే వచ్చింది.

మాట తెగిపోయిన రోజులు

ఆ మాట విలువ ఎంతటిదో 1990లో తెలిసివచ్చింది. ఆ ఏడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించాయి. బయటి ప్రపంచంతో ఆ దేశానికి టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. లక్షకు పైగా భారతీయులు అక్కడ చిక్కుబడ్డారు. వారిలో కడప జిల్లావారు కూడా ఉన్నారు. ఇంటి దగ్గర ఉన్నవారికి రేడియో వార్తలు తప్ప మరో ఆధారం లేదు. రేడియో దేశం సంగతి చెబుతుంది గాని, ఫలానా ఇంటి కొడుకు సంగతి చెప్పదు. ఎడారి దారుల గుండా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరిన భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు స్వదేశానికి చేర్చాయి. ప్రపంచ పౌరవిమానయాన చరిత్రలో అంతటి తరలింపు అంతకుముందు జరగలేదు. ఆ రెండు నెలలలో చాలా ఇళ్లలో మనిషి వాకిట్లోకి అడుగుపెట్టిన తరువాతనే అతడు బతికి ఉన్న సంగతి తెలిసింది.

దీనికి ముప్పైనాలుగేళ్ల తరువాత, 2024 జూన్ 12న, కువైట్‌లోని మంగఫ్ ప్రాంతంలో కార్మికులు నివసించే భవనం అగ్నికి ఆహుతైంది. 40 మందికి పైగా భారతీయులు మరణించారు. మృతులలో ఆంధ్రప్రదేశ్ వారు కూడా ఉన్నారు. ఈసారి వార్త క్షణాలలో పల్లెలకు చేరింది. ఆ ఉదయం కువైట్‌లో తమవారు ఉన్న ప్రతి ఇల్లూ ఫోను చేసింది. బదులు పలికిన ఇళ్లలో ఊపిరి నిలిచింది. మోగి మోగి ఆగిపోయిన ఫోను ఏ ఇంటికి ఏమి చెప్పిందో ఊహించుకోవచ్చును. 1990 నాటి మౌనానికీ, 2024 నాటి మౌనానికీ మధ్య ఉన్న భేదమే ఈ కాలంలో మొబైల్ ఫోను తెచ్చిన మార్పు. నాడు మౌనం సాధారణ స్థితి. నేడు మౌనమే ఒక అపాయ సంకేతం.

చేతిలోకి వచ్చిన మాట

1995 జూలై 31న కలకత్తా నుంచి నాటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడడంతో మన దేశంలో మొబైల్ ఫోను యుగం ప్రారంభమైంది. తొలి ఏళ్లలో పిలిచినవారే కాక, పిలుపు అందుకొన్నవారు కూడా రుసుము చెల్లించవలసి ఉండేది. 2002లో విదేశీ కాల్స్‌పై ఒకే సంస్థకు ఉన్న గుత్తాధికారం ముగిసింది. 2003లో పిలిచినవారే చెల్లించే పద్ధతి అమలులోకి వచ్చింది. ఈ రెండు మార్పులతో మొబైల్ సామాన్యుడి చేతికి అందింది. కాలింగ్ కార్డులు వచ్చాయి. డబ్బు ఖర్చు కాకుండా ఒక్కసారి మోగించి ఆపివేసే 'మిస్డ్ కాల్' ఒక భాషగా రూపొందింది. ఒక మోత అయితే క్షేమంగా చేరినట్లు, రెండు మోతలైతే తిరిగి పిలవమన్నట్లు ఇళ్లలో ఒప్పందాలు ఏర్పడ్డాయి. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తరువాత వాట్సాప్, ఇమో వంటివి ఖర్చును దాదాపుగా లేకుండా చేశాయి. 2016లో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చిన తరువాత మాటకు ముఖం కూడా తోడైంది.

కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. శుక్రవారం అక్కడ సెలవు. కనుక రాయచోటి పల్లెలలో శుక్రవారం మధ్యాహ్నం ఫోను రోజు. తల్లి పొయ్యి ముందర ఫోనును గోడకు ఆనించి వంట చేస్తుంది. అంత దూరాన ఉన్న కూతురు, "ఉప్పు తక్కువ వేయమ్మా, నీకు బి.పి." అని హెచ్చరిస్తుంది. ఇట్లా సంసారం రెండు దేశాలలో ఒకేసారి నడుస్తున్నది. అయితే తల్లి ముఖాన్ని అరచేతి అద్దంలో మాత్రమే చూస్తూ పెరుగుతున్న పిల్లలు కూడా ఈ పల్లెలలోనే ఉన్నారు. జ్వరం వచ్చిన రాత్రి ఆ అద్దం తల్లి మాటను తెస్తుంది గాని, నుదుటి మీద పెట్టే చేతిని తీసుకొని రాలేదు. సాధనానికి ఉన్న ఈ ఎల్లను కూడా మనం గుర్తుంచుకోవాలి.

సముద్రం నడుమ మొబైల్

నేల మీద ఇంత సులభమైన ఫోను సముద్రం మీద ఎట్లా పనిచేస్తుంది? విహారనౌకలలో ప్రయాణించేవారికీ, ఓడలలో ఉద్యోగం చేసేవారికీ ఈ విషయం తెలిసి ఉండాలి. నేల మీది టవరు నుంచి వెలువడే సంకేతం తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే అందదు. ఆ పైన ఓడలోనే అమర్చిన చిన్న టవరు ఫోనును అందుకొని, మాటను ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం దానిని ఎక్కడో ఉన్న భూకేంద్రానికి చేర్చుతుంది. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కాంతివేగంతో పోయినా మాట పైకి పోయి కిందికి రావడానికి క్షణంలో నాలుగవ వంతు పడుతుంది. అందుకే అటువంటి సంభాషణలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు. ఇటీవలి కాలంలో సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సమూహాలు ఈ ఆలస్యాన్ని బాగా తగ్గించాయి.

మాట దూరం పోయేకొద్దీ వెల పెరుగుతుంది. ఓడలోని టవరుకు ఫోను తనంతట తాను తగులుకొంటుంది. సాధారణ అంతర్జాతీయ రోమింగ్ పథకాలలో చాలావాటికి ఈ సముద్ర నెట్‌వర్క్ వర్తించదు. సంగతి తెలియక జేబులో ఉంచుకొన్న ఫోను లోలోపల డేటా వాడుకొని పెద్ద బిల్లును తెచ్చిపెట్టవచ్చును. కనుక రేవు విడిచే ముందే ఫోనును విమాన స్థితిలో ఉంచి, ఓడలోని వై-ఫైని నిర్ణీత రుసుముతో వాడుకోవడం మేలు. బయలుదేరే ముందే తమ పథకంలో సముద్రయానం చేరి ఉన్నదో లేదో కనుక్కోవడం మరింత మేలు. ఓడ ఏ రేవుకు ఏ రోజు చేరుతుందో వ్రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లినట్లయితే, నడిసముద్రంలో మాట అందని రోజులలో ఇంటివారు కంగారుపడవలసిన పని ఉండదు.

విహారనౌకలో ఫోను విలాస వస్తువని అనుకొనేవారికి 2020 ఫిబ్రవరి ఒక సమాధానం చెప్పింది. కరోనా వ్యాధి ప్రబలిన 'డైమండ్ ప్రిన్సెస్' నౌకను జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేశారు. అందులో 3,711 మంది ఉన్నారు. వారిలో 138 మంది భారతీయులు. వీరిలో ఆరుగురు తప్ప తక్కిన వారందరూ ఓడలో పనిచేసే సిబ్బందే. గదులలో బందీలైన ప్రయాణికులకు అన్నం పెట్టినవారు ఈ సిబ్బంది. తమను కాపాడమని వారిలో కొందరు ఫోనులో చిత్రీకరించి పంపిన విన్నపాలు దేశమంతటా చూచారు. ఆ నెల 27న 119 మంది భారతీయులు ప్రత్యేక విమానంలో ఢిల్లీ చేరారు. రేవులో నిలిచిన ఓడకూ నేలకూ మధ్య దూరం కొద్ది అడుగులే. ఆ కొద్ది అడుగులనూ మనిషి దాటలేనప్పుడు మాట దాటింది.

రక్షణగా ఫోను

ఇదే సత్యం గల్ఫ్ ఇళ్లలో పనిచేసే స్త్రీల విషయంలో మరింత కఠినంగా కనిపిస్తుంది. కర్మాగారంలో పనిచేసేవాడికి పదిమంది తోటివారు ఉంటారు. నాలుగు గోడల మధ్య పనిచేసే స్త్రీకి ఆ ఇంటివారు తప్ప మరెవరూ తెలియరు. ఆమె వీసా యజమాని పూచీ మీద నడుస్తుంది. ఆ పూచీదారును 'కఫీలు' అంటారు. ఇంటిపనివారికి వారానికొక రోజు విశ్రాంతి ఉండాలనీ, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ, వారి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదనీ కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం చెబుతున్నది. అయితే చట్టం అమలు కావాలంటే ఉల్లంఘన జరిగినట్లు బయటికి తెలియాలి. తెలిపేది ఫోను. అందువల్లనే ఇంటిపనివారి ఫోనులను యజమానులు లాగివేసుకొన్న ఉదంతాలను మానవహక్కుల సంస్థలు తీవ్రంగా పరిగణించాయి. ఫోను లాగివేయడమంటే మాటను లాగివేయడమే.

కాబట్టి ప్రయాణానికి ముందే కొన్ని పనులు చేసి ఉంచాలి. మొదటిది, పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రాల నకళ్లను ఇంట్లో ఒకరి ఫోనులో భద్రపరచాలి. రెండవది, యజమాని పేరు, చిరునామా, నివసించే ప్రాంతం చేరిన రోజునే ఇంటికి తెలపాలి. మూడవది, కనీసం రెండు నంబర్లను కంఠస్థం చేయాలి. ఫోను పోయినప్పుడు అందులో దాచిన నంబర్లన్నీ దానితోనే పోతాయి. నాలుగవది, నంబర్లను దేశ సంకేతంతో సహా దాచుకోవాలి. భారతదేశానికి +91, కువైట్‌కు +965. పది అంకెల నంబరు ఒక్కటే ఉంటే విదేశం నుంచి చేసిన కాల్ కలవకపోవచ్చును. ఐదవది, అత్యవసర సహాయానికి భారతదేశంలోనూ, కువైట్‌లోనూ నంబరు 112 అని గుర్తుంచుకోవాలి. ఆరవది, బ్యాంకు సంకేతాలు వచ్చే భారతీయ నంబరు గడువు తీరిపోకుండా ఇంటివారు చూచుకోవాలి. ఇబ్బంది ఎదురైనప్పుడు భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చును. 2015లో ప్రారంభమైన 'మదద్' పోర్టల్‌లో కుటుంబసభ్యులు ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

గుర్తు, ప్రత్యుత్తరం

మార్గం ఇంత విశాలమైన తరువాత గుర్తు మళ్లీ సమస్యగా మారడం ఈ కాలపు విచిత్రం. "మీవాడికి ప్రమాదం జరిగింది, వెంటనే డబ్బు పంపండి" అని తెలియని నంబరు నుంచి వచ్చే పిలుపును నమ్మి మోసపోయేవారు ఉన్నారు. ఒకప్పుడు గొంతే తిరుగులేని గుర్తు. ఇప్పుడు యంత్రాలు గొంతును కూడా అనుకరించగలుగుతున్నాయి. సీత చెప్పి పంపిన కాకాసుర వృత్తాంతం ఇక్కడ మనకు దారి చూపుతుంది. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాటను ముందుగానే అనుకొని ఉంచుకోవాలి. డబ్బు అడిగే పిలుపు వచ్చినప్పుడు ఆ మాటను అడగాలి. బదులు రానప్పుడు పిలుపును ఆపి, తమ వద్ద ఉన్న పాత నంబరుకు తామే ఫోను చేయాలి.

ప్రత్యుత్తరం సంగతి ఇంకా సున్నితమైనది. "బాగున్నాను" అనే మాట ఉత్తరాల కాలం నుంచి నేటి వరకు మారలేదు. ఆరు నెలలుగా జీతం అందలేదని కొడుకు చెప్పడు. తండ్రికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చిన సంగతి తల్లి చెప్పదు. ఒకరినొకరు బాధపెట్టకూడదన్న ప్రేమే ఈ మౌనానికి మూలం. అయితే ప్రేమతో దాచిన నిజం సహాయం అందవలసిన సమయాన్ని మింగివేస్తుంది. అప్పుల సంగతి కూడా అటువంటిదే. వీసా కోసం చేసిన అప్పు ఎంత తీరిందో ఇద్దరికీ తెలిసి ఉండడం ఇద్దరికీ క్షేమం. కుశలమడిగే ప్రశ్న ఒకే వాక్యంతో ముగియరాదు. జీతం వచ్చిందా, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉన్నది, సెలవు రోజు ఉన్నదా, నిద్ర ఎన్ని గంటలు అని విడివిడిగా అడగాలి. అడగగా వచ్చిన బదులులోని తడబాటును వినాలి.

ఒకప్పుడు కువైట్ ఉత్తరాన్ని చదివిపెట్టినవాడు బడి పిల్లవాడు. నేడు అవ్వకు వీడియో కాల్ కలిపి ఇచ్చేది, సందేశాన్ని చదివి వినిపించేది, బ్యాంకు సంకేతాన్ని సరిచూచేది ఇంట్లోని కళాశాల విద్యార్థే. రెండు దేశాల మధ్య ఒక కుటుంబాన్ని నిలిపి ఉంచే బాధ్యత తెలియకుండానే ఆ చేతులలోకి వచ్చింది. టైటానిక్ సమీపంలోని ఓడలో యంత్రమున్నది గాని, దాని దగ్గర మెలకువ లేకపోయింది. మన ఇళ్లలో యంత్రానికి కొదువ లేదు. దూరాన ఉన్నవారు ఏ వేళ పిలిచినా మెలకువతో వినేవారొకరు ప్రతి ఇంట్లో ఉండాలి.

కఠిన పదాలు – అర్థాలు

ముద్రిక = ఉంగరం
చూడామణి = తలపై ధరించే మణి
వృత్తాంతం = జరిగిన సంగతి
ఎడబాటు = వియోగం
ముఖద్వారం = నది సముద్రంలో కలిసే చోటు
తంతి = తీగ, టెలిగ్రాం
ఉపక్రమించు = ఆరంభించు
సూరు = ఇంటికప్పు చివరి భాగం
గుత్తాధికారం = ఒక్కరికే ఉన్న వ్యాపార హక్కు
ఎల్ల = హద్దు
పూచీ = జామీను, బాధ్యత
ఉల్లంఘన = మీరడం
కొదువ = లోటు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సందేశానికి మార్గం, గుర్తు, ప్రత్యుత్తరం అవసరమని రచయిత ఎట్లా నిరూపించాడో వివరించండి.
2. రాయచోటి ప్రాంతానికీ కువైట్‌కూ మధ్య సంభాషణ సాధనాలు మారిన క్రమాన్ని తెలపండి.
3. దూరదేశంలో మొబైల్ ఫోను రక్షణగా ఎట్లా నిలుస్తుందో ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. టైటానిక్ దుర్ఘటన నేర్పిన పాఠమేమిటి?
2. 'పి.పి. నంబరు' అంటే ఏమిటి? అందులోని ఇబ్బందులేవి?
3. ఓడలో మొబైల్ ఫోను పనిచేసే విధానాన్ని తెలపండి.
4. మోసపు పిలుపుల నుంచి కుటుంబం తనను తాను ఎట్లా కాపాడుకోవాలి?

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. రుక్మిణి సందేశాన్ని తీసుకొని వెళ్లినదెవరు?
2. మన దేశంలో టెలిగ్రాం సేవ ఎప్పుడు ముగిసింది?
3. డైమండ్ ప్రిన్సెస్ నౌకను ఏ రేవులో నిలిపివేశారు?
4. కువైట్ దేశ సంకేతమేది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. నేడు మౌనమే ఒక అపాయ సంకేతం.
2. ఫోను లాగివేయడమంటే మాటను లాగివేయడమే.
3. సాధనం ఉండడం వేరు, దాని దగ్గర మేలుకొని ఉండడం వేరు.

V. సంధులు
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
గుత్తాధికారం = గుత్త + అధికారం – సవర్ణదీర్ఘ సంధి

VI. సమాసాలు
రామముద్రిక – రాముని యొక్క ముద్రిక – షష్ఠీ తత్పురుష సమాసం
భార్యాభర్తలు – భార్యయును, భర్తయును – ద్వంద్వ సమాసం
రెండు దేశాలు – రెండైన దేశాలు – ద్విగు సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఇంటి నుంచో, మీ వీథి నుంచో విదేశం వెళ్లిన ఒకరి కుటుంబంతో మాట్లాడండి. వారు గతంలో వాడిన సంభాషణ సాధనాలను అడిగి తెలుసుకొని, పేర్లు వ్రాయకుండా ఒక పుట నివేదిక సిద్ధం చేయండి.